1998లో అణు పరీక్షలు జరిగినప్పుడు మీ ఊళ్లో ఏమనుకున్నారు? ఎవరికీ భయం వేయలేదా?

భయం వెయ్యలేదండి. పండగ చేసుకున్నాం.

నాకప్పుడు పదమూడేళ్లు. మాది కోనసీమలో గోదావరి పాయ వైనతేయ ఒడ్డున చిన్న ఊరు. మే 11 సాయంత్రం పోఖ్రాన్‌లో మూడు పరీక్షలు చేశామని వాజ్‌పేయిగారు ప్రకటించారు. 13న ఇంకో రెండు చేశారు. దీపావళికి మిగిలిన ఆటంబాంబులు అటక మీంచి దింపి కాల్చేశాం. అప్పటి పిల్లలం మాకు ఆటంబాంబంటే తెలిసింది అదే, ఆకుపచ్చ దారం చుట్టిన టపాకాయ. పైగా ఆ మార్చిలోనే మా అమలాపురం ఎంపీ బాలయోగిగారు లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఢిల్లీ మా పక్కూరే అన్నట్టు ఉండేది అరుగుల మీద మాటల తీరు. బాంబు కూడా మనదే అన్నట్టు మాట్లాడుకున్నారు.

"ఎంత పెద్దదేంటి చిన్నాన్నా?" అని అడిగితే, "పాశర్లపూడి బ్లోఅవుట్‌కి పదింతలు ఉంటదిరా" అన్నాడు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావిలో అంటుకున్న ఆ మంట అరవై అయిదు రోజులు ఆగలేదు. రాత్రిళ్లు మా డాబా మీద నిలబడితే ఆకాశం ఎర్రగా కనిపించేది. ఆ మరుసటేడు నవంబరు తుపానుకి కొబ్బరితోటలు నేలకొరిగాయి. అయినా మంట ఆరాక జనం ఇళ్లకొచ్చారు, తోటల్లో మళ్లీ మొక్కలు నాటారు. ఎంత కష్టమొచ్చినా "తర్వాత" అనేది ఒకటి ఉంటుందని మా నమ్మకం. బాంబునీ ఆ లెక్కలోనే వేసుకున్నాం.

ఆ ఏడు ఆగస్టు 6న మా సోషల్ మాస్టారు బోర్డు మీద ఒక నది గీశారు. సముద్రం దగ్గరికొచ్చేసరికి దాన్ని ఏడు పాయలుగా చీల్చారు. మేమంతా "గౌతమి, వశిష్ఠ, వైనతేయ" అని అరిచాం. "కాదర్రా, ఇది ఓటా నది. ఈ ఊరు హిరోషిమా" అన్నారాయన.

అదీ డెల్టా ఊరే. 1945లో అక్కడ నది ఏడు పాయలుగా పారేది. బాంబుకి గురి పెట్టుకున్నది పాయ చీలే చోట ఉన్న అయోయి వంతెనని. మనకి ధవళేశ్వరం ఉన్నట్టు అనుకోండి. ఒళ్లు కాలినవాళ్లు దాహానికి తాళలేక నదిలోకి దిగారు. పాయల్లో శవాలు తేలాయి. మా దగ్గర ఏ నిప్పు అంటుకున్నా ముందు పరిగెత్తేది కాలవ దగ్గరికే. ఆ మాట విన్నాక మా క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ బాంబులో ఉన్న యురేనియం 64 కిలోలు. మన ధాన్యం బస్తా 75 కిలోలు ఉంటుంది. ఆ 64లో విచ్ఛిత్తి చెందింది, అంటే పరమాణువులు చీలి శక్తినిచ్చింది, కిలో కూడా లేదు. అయినా పేలుడు సుమారు 15,000 టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థంతో సమానం. లారీకి పది టన్నుల చొప్పున వేసుకుంటే 1,500 లారీలు. ఆ ఏడాది ఆఖరుకి పోయినవాళ్లు సుమారు 1,40,000 మంది. సడాకో ససాకి అనే పాపకి అప్పుడు రెండేళ్లు. ఆ రోజు బతికి బయటపడింది. 1955లో, పన్నెండేళ్ల వయసులో, కాగితంతో కొంగలు మడుస్తూ రక్త క్యాన్సర్‌తో చనిపోయింది. మా ఊరు నమ్మిన ఆ "తర్వాత" అక్కడ ఇలా వచ్చింది.

మనం పరీక్షలు చెయ్యకూడదని నేననను. చైనా 1964లోనే పేల్చింది, పక్కనే ఉంది. కానీ మనం చేసిన పదిహేడు రోజులకే, మే 28న, పాకిస్తాన్ కూడా పేల్చింది. ఏడాది తిరక్కుండానే కార్గిల్. బాంబులుండీ యుద్ధం రానే వచ్చింది. అయితే మన విమానాలు నియంత్రణ రేఖ దాటొద్దని గట్టి ఆదేశం ఇచ్చారు. అంటే ఢిల్లీలో నిర్ణయం తీసుకునేవాళ్లకి భయం ఉంది. అరుగు మీద కూర్చున్న మాకే లేదు.

2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగినప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో కుర్రాళ్లు "ఒక్కటి వేసేస్తే పోలా" అని పెట్టారు. నేను కాగితం మీద ఏడు పాయల నది గీసి, ఫొటో తీసి పెట్టాను, ఇదేంటో చెప్పండర్రా అని. గౌతమి, వశిష్ఠ అని గబగబా పేర్లు రాశారు వాళ్లు కూడా. కాదు, ఓటా అని చెప్పాను.