బీపీ మాత్ర షుగర్‌ని తగ్గిస్తుందా: ఎలుకల్లో నేను చూసింది

కావలి నుంచి అడిగిన తమ్ముడూ, అమ్మగారికి బీపీకి టెల్మిసార్టాన్ రాశారు, షుగర్ బార్డర్‌లో ఉంది, ఈ మందు ఎలుకల్లో షుగర్ తగ్గించిందని చదివాను, నిజమేనా అన్నావు. ఎలుకల్లో నిజమే. నెల్లూరులో ఎంఫార్మసీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు దీని మీదే.

తాగే నీళ్లలో 10 శాతం ఫ్రక్టోజ్ కలిపి కొన్ని వారాలు ఇస్తే ఎలుకలకి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు, బీపీ పెరుగుతాయి. కానీ మా ఎలుకల్లో చాలావాటికి పరగడుపు షుగర్ మామూలుగానే ఉండేది, గ్లూకోజ్ పట్టించి అరగంటకి, గంటకి, రెండు గంటలకి తోక చివర నుంచి చుక్క రక్తం తీసి చూస్తేనే తేడా బయటపడేది. టెల్మిసార్టాన్ ఇచ్చినవాటిలో ఆ షుగర్ తొందరగా దిగింది. ఈ మందు బీపీ పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్‌ని అడ్డుకోవడమే కాదు, షుగర్ మందు పయోగ్లిటాజోన్ పనిచేసే పీపార్ గామా అనే గ్రాహకాన్ని కూడా కొంత కదిలిస్తుంది.

ఇంకో సంగతి, ఎలుక బెదిరితే చాలు షుగర్ ఎగిరిపోతుంది. అందుకే పరీక్షకి ముందు చాలా రోజులు వాటిని చేత్తో పట్టుకుని అలవాటు చేసేవాళ్లం, ఎండాకాలం కరెంటు పోయి గది వేడెక్కితే ఆ రోజు రీడింగులు నమ్మేవాళ్లం కాదు. ఎలుకల ఫలితం చదివేటప్పుడు ఇవన్నీ ఎలా చేశారో చూడాలి.

బీపీ మందులన్నీ ఒకేలా ఉండవు. పుట్టుకతోనే లావెక్కే గుణమున్న జుకర్ జాతి ఎలుకల్లో క్యాప్టోప్రిల్ కండరాలు గ్లూకోజ్ తీసుకునేలా చేసింది. డయాజాక్సైడ్ కూడా బీపీకి వాడిన మందే, అది క్లోమంలో ఇన్సులిన్ విడుదలనే ఆపేస్తుంది, అందుకే ఇన్సులిన్ ఎక్కువగా ఊరే గడ్డలున్న కుక్కలకి పశువైద్యులు దాన్ని వాడతారు!

మనుషుల్లో మాత్రం అంత లాభం కనబడలేదు. 2008లో వచ్చిన ట్రాన్సెండ్ అధ్యయనంలో టెల్మిసార్టాన్ వేసుకున్నవాళ్లకి కొత్తగా షుగర్ రావడం స్పష్టంగా తగ్గలేదు. కాబట్టి బీపీ కోసం వేసుకోనివ్వు, షుగర్ తగ్గుతుందని డోసు పెంచొద్దు. స్ట్రిప్ మీద పేరు పక్కన హెచ్ అని ఉందేమో చూడు, సాధారణంగా అది ఒంట్లో నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందు కలిపిన మాత్ర, పొటాషియం పడిపోతే షుగర్ పెంచగలదు. ఉంటే మాత్ర ఆపకుండా డాక్టరుగారిని అడిగి పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చేయించు.