మోర్టల్ కోంబాట్ నవలను కొందరు మెచ్చుకుంటారు, కొందరు తిట్టిపోస్తారు. ఎందుకు?

1992లో అదే పేరుతో వచ్చిన పోరాటాల వీడియో గేమ్ ఈ నవలకు మూలం. ఆ ఆటలో మనం ఎంచుకోగలిగింది ఏడుగురు యోధులనే. వాళ్ల కథ ఎంతని? తెర మీద మెరిసి మాయమయ్యే నాలుగు వాక్యాలు. 1995లో జెఫ్ రోవిన్ దాన్ని నవలగా రాసినప్పుడు మిగతాదంతా సొంత కల్పనతో నింపక తప్పలేదు. గొడవంతా అక్కడే. ఆటలో స్కార్పియన్ అంటే చచ్చిపోయి పగతో తిరిగివచ్చిన నింజా. నవలలో అతని పుట్టుక వేరు. ఆట కంఠతా వచ్చినవారికి ఇది మింగుడుపడదు.

బెంగళూరు చర్చి స్ట్రీట్‌లో పాత పుస్తకాల మధ్య దొరికిన ప్రతిని నేనూ, అనంతపురం నుంచి వచ్చిన నా గది మిత్రుడూ వంతులు వేసుకుని చదివాం. ఆట ఆడుతూ పెరిగిన అతను స్కార్పియన్ పేజీ అంచున పెన్సిలుతో ‘తప్పు’ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. ఆ ఆట ముఖం చూడని నాకు అదే అధ్యాయం నచ్చింది! నాకు విసుగు పుట్టించినవి పోరాటాలు. చేతిలో జాయ్‌స్టిక్ లేకుండా పేజీల కొద్దీ దెబ్బలు చదవడమంటే, ముందు విస్తరి లేకుండా పెళ్లివంటల జాబితా చదవడమే. మీరు ఆట ఆడినవారైతే, పాత్రల పేర్లు తప్ప మిగతాది మరచిపోయి మొదలుపెట్టండి.