ఆ రాత్రి ఏ కాగితంలోనూ లేదు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది మదనపల్లె. తొమ్మిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో టిఫిన్ బండి నడుపుతున్నాం. మా తమ్ముడికి 22 ఏళ్లు, ఫుడ్ డెలివరీ చేస్తాడు. పక్క పీజీలో ల్యాప్‌టాప్ పోయిందని ఒక రాత్రి పది గంటలకు వాణ్ని స్టేషన్‌కు తీసుకెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం వదిలేశారు. అరికాళ్ల మీద కొట్టారట, కాలు కింద పెట్టలేకపోతున్నాడు. కేసు లేదు, కాగితం లేదు. కంప్లెయింట్ ఇస్తే బండి తీయించేస్తారని అమ్మ వద్దంటోంది. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

జవాబు: బాబూ, ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మీ తమ్ముడి కాళ్ల మీద గుర్తులు మాసిపోతాయి. అందుకే ఉత్తరం అందిన పూటే మీకు ఫోన్ చేసి, వాణ్ని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లమన్నాను. మిగతావాళ్ల కోసం ఆ మాట మళ్లీ రాస్తున్నా. కమిలిన చోటు ఎర్రగా ఉన్నది నల్లబడి, ఆకుపచ్చ తిరిగి, పసుపుగా మారి పోతుంది. అరికాళ్లే ఎందుకంటే, చెప్పులు వేసుకుంటే ఏదీ కనిపించదు. డాక్టరుకు ఎవరు, ఎక్కడ, దేనితో కొట్టారో చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే కోర్టులో పనికొచ్చే గాయాల రికార్డుగా రాయమనండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది భయపడి 'మెట్ల మీద పడ్డాను' అని రాయించుకుని వస్తారు. ఇంక నేనేం వాదించను?

కాగితం సంగతికొస్తే, స్టేషన్ వాళ్లు 'అరెస్టు చేయలేదమ్మా, మాట్లాడి పంపించాం' అంటారు. అరెస్టు చేస్తే అక్కడికక్కడే మెమో రాయాలని, ఇంటివాళ్లో వీధిలో పెద్దమనిషో దాని మీద సాక్షి సంతకం పెట్టాలని, ఇంటికి కబురు చేయాలని, పోలీసు పేరు కనబడే బ్యాడ్జి ఉండాలని సుప్రీంకోర్టు 1996లోనే డి.కె. బసు కేసులో చెప్పింది. బాగానే ఉంది. అరెస్టు చేశామని రాయకపోతే ఇవేవీ మొదలే కావు. దెబ్బలు పడేది ఆ రాయని గంటల్లోనే.

కాబట్టి ఆ గంటలు ఇంకెక్కడైనా నమోదయ్యాయా అని వెతకాలి. ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది కనబడేలా సీసీటీవీ ఉండాలని, మాటలు కూడా రికార్డవ్వాలని, 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో మొబైల్ షాపు నడిపే తండ్రీకొడుకులు స్టేషన్‌లో దెబ్బలు తిని ప్రాణాలు వదిలారు. విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు చూస్తే, డిస్కులో బోలెడు చోటున్నా ఫుటేజి ఏ రోజుకారోజు చెరిగిపోయేలా సెట్ చేసి ఉంది. కెమెరా చెప్పనిది ఆ స్టేషన్‌లోనే పనిచేసే మహిళా హెడ్ కానిస్టేబుల్ చెప్పింది. ఆమె ధైర్యానికి దండం పెట్టాలి.

అందుకని ఈ రోజే డీసీపీకి ఒక ఉత్తరం రాయండి: 'ఫలానా తేదీ రాత్రి 10 నుంచి మర్నాడు మధ్యాహ్నం 2 దాకా ఫుటేజి భద్రపరచండి'. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. డెలివరీ యాప్‌లో మీ తమ్ముడి చివరి ఆర్డరు టైము, ఆ రాత్రి మీరు స్టేషన్ ఎదుట టీ తాగి ఫోన్‌పేలో కట్టిన పది రూపాయలు, అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. నవ్వకండి, ఆ టీ డబ్బులతోనే మీరు అక్కడున్నట్టు తేలుతుంది.

ఇక ఫిర్యాదు ఆ స్టేషన్‌లోనే ఇవ్వాలని లేదు. ప్రకాశ్ సింగ్ అనే రిటైర్డ్ పోలీసు బాసే 1996లో సుప్రీంకోర్టుకెక్కితే, పదేళ్లకు, 2006లో తీర్పు వచ్చింది. పోలీసుల మీద ఫిర్యాదులకు వేరే అథారిటీ పెట్టమన్నది అందులోనే. కర్ణాటక 2012లో తన పోలీసు చట్టం సవరించి దానికి చోటిచ్చింది. అక్కడికీ, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కూ రెండింటికీ రాయండి. కమిషన్‌కు మాత్రం ఏడాది దాటనివ్వకండి.

అమ్మ భయం ఉత్తిదని నేననను. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద మీ బండికి వెండింగ్ సర్టిఫికెట్ ఉందా? లేకపోతే ముందు దానికి దరఖాస్తు పెట్టండి. అమ్మతో నేను మాట్లాడతాను, ఆదివారం బండి కట్టేశాక ఫోన్ చేయించండి.