తోటలో కట్టేసిన లాబ్రడార్‌కు రోజూ ఎంత నడక కావాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఖమ్మం జిల్లా. ఎనిమిది ఎకరాల మామిడి తోట ఉంది. మా అబ్బాయి హైదరాబాద్‌లో పెంచుకున్న లాబ్రడార్‌ను, ఉద్యోగం బెంగళూరుకు మారడంతో ఏడాది కిందట మా దగ్గర వదిలి వెళ్లాడు. మగది, నాలుగేళ్లు. విప్పితే కోళ్ల వెంట పడుతోందని షెడ్డు దగ్గర గొలుసుతో కట్టి ఉంచుతున్నాం. రెండు పూటలా కడుపునిండా పెరుగన్నం పెడుతున్నాం. ఇప్పుడు 42 కిలోలు ఉంది. రాత్రీ పగలూ మొరుగుతోంది, ముందు కాలు నాకి నాకి పుండు చేసుకుంది, కూలీల మీదకు ఎగబడుతోంది. ఇది పొగరా, జబ్బా? వ్యాయామం కావాలంటున్నారు. ఈ ఎండల్లో ఎంతసేపు, ఎలా చేయించాలి?

జవాబు: పొగరు మాత్రం కాదండీ. మీరు రాసిన మూడు లక్షణాలకూ చాలావరకు ఆ గొలుసే కారణమని నాకు అనిపిస్తోంది. లాబ్రడార్‌ల పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట చన్నీళ్లలో ఈదుతూ పనిచేసిన కుక్కలు. తర్వాత ఇంగ్లండ్‌లో, వేటలో పడిన పక్షుల్ని నోట కరుచుకుని తెచ్చే పనికి ఈ జాతిని తీర్చిదిద్దారు. మీ కోళ్ల వెంట పడడంలో వింతేమీ లేదు. రోజంతా మనిషి వెంట తిరగడానికి పుట్టిన జీవాన్ని ఆరడుగుల గొలుసుకు కట్టేస్తే, ఆ సత్తువంతా మొరగడంలోకీ నాకడంలోకీ పోతుంది. కాలి పుండును మాత్రం ఒకసారి పశువైద్యుడికి చూపించండి. ముల్లు దిగినా, గజ్జి ఉన్నా, పిడుదులు పట్టినా ఇలాగే నాకుతుంది.

ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. చాలామంది రైతులకు ఈ సంగతి తెలియదు, అందుకే రాస్తున్నాను.

ఆరోగ్యంగా ఉన్న లాబ్రడార్‌కు రోజుకు గంట నుంచి రెండు గంటల కదలిక కావాలి. మీదాన్ని మాత్రం రేపటి నుంచే గంట నడిపించకండి. ఈ జాతి మగకుక్క మామూలుగా 29 నుంచి 36 కిలోలు ఉంటుంది. 42 కిలోల బరువుతో, ఏడాదిగా కదలని కీళ్లతో ఒక్కసారిగా పరుగెత్తితే తుంటి, మోకాళ్లు దెబ్బతింటాయి. మొదటి వారం ఉదయం 10 నిమిషాలు, సాయంత్రం 10 నిమిషాలు చాలు. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పూటకు 35, 40 నిమిషాలకు తీసుకెళ్లండి. కుంటినా, మర్నాడు లేవడానికి ఇబ్బంది పడినా అక్కడే ఆగి వైద్యుడిని అడగండి.

ఇందుకు మీరు వేరే తీరిక చేసుకోనక్కర్లేదు. పొద్దున్నే డ్రిప్ పైపులు చూడడానికి, మోటారు వేయడానికి తోటంతా తిరుగుతారు కదా, అప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లండి. 20 అడుగుల నూలు తాడు కట్టండి, కోళ్ల బెంగ ఉండదు. చెట్టు చెట్టు దగ్గరా ఆగి వాసన చూస్తుంటే లాక్కెళ్లకండి. కుక్కకు వాసన చూడడం కూడా పనే. ఒళ్లు ఎంత అలుస్తుందో బుర్ర కూడా అంతే అలిసి, ఇంటికొచ్చాక నిమ్మళంగా పడుకుంటుంది.

మీరు పనిలో ఉన్నప్పుడు దాన్ని కట్టక తప్పదంటే, నీడ ఉన్న రెండు చెట్ల మధ్య 30, 40 అడుగుల తీగ బిగించి, రింగు వేసి, గొలుసు ఆ తీగ వెంట జరిగేలా చేయండి. గొలుసు చెట్టుకు చుట్టుకోకుండా చూడండి. ఇది నడకకు బదులు కాదు, ఒకేచోట కట్టేయడం కంటే నయం, అంతే.

ఎండ విషయంలో నాకు నిజంగా భయమే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే వేడి పోగొట్టుకుంటుంది. పైగా దీనికి చలికోసం వచ్చిన రెండు పొరల బొచ్చు, దాని కింద కొవ్వు. వేసవిలో ఉదయం ఆరున్నరలోపు, సాయంత్రం పొద్దు గూకాకే తిప్పండి. తారురోడ్డు మీద మీ అరచేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. నాలుక ముదురు ఎర్రగా మారి, చొంగ జిగటగా కారుతూ తూలితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద మామూలు నీళ్లు పోస్తూ గాలి తగిలించండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి. అలా తడుపుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఈత దీనికి ఎంతో ఇష్టం, కీళ్లకూ మంచిదే. కానీ ప్లాస్టిక్ షీటు పరిచిన ఫారం పాండ్‌లోకి దిగనివ్వకండి. గోళ్లకు పట్టు దొరక్క జారిపోతూ, పైకి రాలేక మునిగిపోతుంది. ఒడ్డు వాలుగా, నీరు నిదానంగా ఉన్న చోట, తాడు మీ చేతిలో ఉంచుకుని దింపండి.

ఇక తిండి. నడక ఒక్కటే బరువు తగ్గించదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో, దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఆకలిని పెంచే జన్యులోపం ఉందని గుర్తించారు. కాబట్టి అది జాలిగా చూసిందల్లా ఆకలే అనుకోకండి. అన్నం నాలుగో వంతు తగ్గించి, గుడ్డు గానీ, ఎముకల్లేని ఉడికించిన చికెన్ గానీ కొద్దిగా కలపండి. తిన్న వెంటనే నడిపించకండి, గంటన్నర ఆగండి. పెద్ద కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడితే ప్రాణానికే ముప్పు. మామిడికాయల కాటా మీదే నెలకోసారి తూచండి. నెలకు కిలో, కిలోన్నర తగ్గితే సరైన దారిలో ఉన్నట్టే. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే, అవి పైకి కనబడకపోయినా వేళ్లకు తెలియాలి.

కాయ రాలే రోజుల్లో మాత్రం తాడు వదలకండి. లాబ్రడార్ పండుతో పాటు టెంకనూ మింగేస్తుంది, అది పేగుకు అడ్డం పడితే ఆపరేషన్ తప్పదు. మందు కొట్టిన రోజున తోటలోకి అసలు తీసుకెళ్లొద్దు. కాళ్లకు అంటిన మందును నాకుతుంది. ఆ రోజుకు ఊరి బాట వెంట నడిపించి, తిరిగొచ్చాక పాదాలు కడిగి తుడవండి.