పక్కగాలిలో కాళ్ళకో పని, చేతులకో పని

ప్రశ్న: సార్, సెస్నా 172 అనే చిన్న విమానం మీద నాకు 30 గంటలు అయ్యాయి. గాలి ఎదురుగా ఉంటే ల్యాండింగ్ బాగానే వస్తోంది, పక్కగాలి ఉందంటే మాత్రం క్రాబ్ (ముక్కు గాలి వైపు తిప్పి రావడం) తీసి స్లిప్‌లోకి (గాలి వైపు రెక్క దించి, ముక్కు తిన్నగా ఉంచి రావడం) మారేటప్పుడు తికమకపడిపోతున్నాను, విమానం రన్‌వే సెంటర్‌లైన్ (మధ్యగీత) వదిలి పక్కకి జరిగిపోతోంది. మొన్న రెండుసార్లు ఇన్‌స్ట్రక్టర్ గారే కంట్రోల్స్ తీసుకున్నారు. ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి?
– ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయి, హైదరాబాద్

జవాబు: దానికి బాధపడకమ్మా, చాలామందికి చిక్కు అక్కడే. ముక్కు తిన్నగా ఉంచడం కాళ్ళతో నొక్కే రడ్డర్ (తోక మీది చుక్కాని) పని, పక్కకి జరక్కుండా ఆపడం చేతిలోని యోక్‌తో (స్టీరింగ్ లాంటిది) తిప్పే ఎయిలరాన్ (రెక్క దించే, లేపే పలక) పని. జరుగుతున్న విమానాన్ని నువ్వు కాలితో ఆపాలని చూస్తున్నావేమో అనిపిస్తోంది.

బేగంపేటలో 27 రన్‌వే (అంటే 270 డిగ్రీల దిక్కు) మీదకి వస్తున్నావనుకో, గాలి 240 డిగ్రీల దిక్కు నుంచి 12 నాట్ల వేగంతో వీస్తోంది, 30 డిగ్రీల తేడా కాబట్టి అందులో సగం అంటే 6 నాట్లు ఎడమ పక్కనుంచి కొడుతుంది. కుడికాలితో ముక్కు సెంటర్‌లైన్‌కి తెచ్చి అదే టైమ్‌లో ఎడమ రెక్క కొంచెం దించు, ఇంకా కుడికి పోతోందా, రెక్క ఇంకాస్త దించు, దాంతో ముక్కు ఎడమకి తిరగబోతే కుడికాలు ఇంకాస్త నొక్కు.

ఇదంతా ఫ్లేర్‌లో (నేల దగ్గర ముక్కు కొంచెం ఎత్తేటప్పుడు) ఉన్న ఆ కొద్ది సెకన్లలో నేర్చుకోలేం. అందుకే ఫైనల్‌లో (రన్‌వేకి తిన్నగా దిగి వచ్చే చివరి దారిలో) పైనుంచే స్లిప్ పెట్టుకుని రమ్మంటాను. ఒక అప్రోచ్‌లో రడ్డర్ నీకు, ఎయిలరాన్ ఇన్‌స్ట్రక్టర్ గారికి, తర్వాతి దాంట్లో మార్చుకోండి, ఆయన్ని అడుగు, తప్పకుండా ఒప్పుకుంటారు. స్లిప్‌లో డ్రాగ్ (గాలి వెనక్కి లాగే అడ్డు) పెరిగి విమానం తొందరగా దిగిపోతుంది, కొంచెం పవర్ కావాలి. ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) ఎంతవరకు పెట్టొచ్చో మీ విమానం హ్యాండ్‌బుక్‌లో చూసుకో, కొన్ని 172ల్లో ఫ్లాప్స్ బాగా దించి స్లిప్ చెయ్యొద్దని ఉంటుంది.

ముందు ఎడమ చక్రం ఒక్కటే కీచుమంటూ తాకుతుంది, ఒంటి చక్రం మీద కాసేపు పరిగెడుతుంది, అది తప్పు కాదు, అలాగే తాకాలి. కొత్తవాళ్ళు అది చూసి కంగారుపడి యోక్ మధ్యకి తెచ్చేస్తారు, సరిగ్గా అప్పుడే గాలి రెక్క కింద దూరి లేపేస్తుంది. వేగం తగ్గేకొద్దీ యోక్ ఇంకా ఎడమకే తిప్పుతూ పో. ముక్కు చక్రం రడ్డర్‌తో కలిసి తిరుగుతుంది, కాబట్టి అది నేలకి తాకే ముందు కాలు కాస్త వదులు.

172కి టెస్టుల్లో చేసి చూపించిన పక్కగాలి 15 నాట్లు, కొత్తలో నువ్వు అంతదాకా పోవద్దు. కుడికాలు మొత్తం నొక్కేసినా ముక్కు తిన్నగా రావట్లేదంటే ఆ గాలికి రడ్డర్ చాలట్లేదని అర్థం, ఇంకేం ఆలోచించకుండా ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకి లేవడం) చెప్పెయ్.