ప్రొటీన్ పౌడర్‌తో రెటీనా నరాలు మళ్లీ వస్తాయా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. నీటికాసుల వల్ల ఎడమ కంట్లో పక్క చూపు తగ్గింది. రోజూ రాత్రి చుక్కల మందు వేసుకుంటున్నాను. దెబ్బతిన్న రెటీనా నరాలను ప్రొటీన్‌తో బాగుచేయవచ్చని వార్తల్లో చదివాను. ఆ చికిత్స మన దగ్గర ఉందా? ప్రొటీన్ పౌడర్ తాగితే ఉపయోగమా?

జవాబు: మీరు చదివింది బహుశా దక్షిణ కొరియాలోని కైస్ట్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2025లో ప్రకటించిన పరిశోధన గురించి కావచ్చు. జీబ్రా చేపకు రెటీనా దెబ్బతింటే అందులోని ముల్లర్ కణాలు కొత్త నాడీకణాలను పుట్టిస్తాయి. ఆ కణాలు మనకూ ఉన్నాయి, కానీ ఆ పని చేయవు. ప్రాక్స్1 అనే ప్రొటీన్ వాటిలోకి చేరి అడ్డుపడుతోందని, దాన్ని ఆపితే ఎలుకల్లో కొత్త కణాలు వస్తున్నాయని ఆ బృందం తేల్చింది. అంటే అక్కడ మేలు జరిగింది ప్రొటీన్ ఇచ్చినందుకు కాదు, ఒక ప్రొటీన్‌ను అడ్డుకున్నందుకు. పైగా మీరు తాగే పౌడర్ కడుపులోనే అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. కంటి నరానికి దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

నీటికాసుల్లో చిక్కు ఇంకోటి ఉంది. ఇందులో చనిపోయేవి గ్యాంగ్లియన్ కణాలు. కంటి నుంచి మెదడుకు పోయే సుమారు 10 లక్షల తీగలు వాటివే. ఈ కణాలను బతికించే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ కొంత మెదడు నుంచి ఆ తీగల వెంటే వస్తుంది. కంట్లో ఒత్తిడి పెరిగితే తీగలు కంటి వెనక నలిగి ఆ సరఫరా తగ్గుతుంది. కొత్త కణం పుట్టినా, దాని తీగ మెదడు దాకా పెరిగి సరైన చోట అతుక్కోవాలి. అసలు కష్టం అక్కడే.

సీఎన్‌టీఎఫ్ అనే ప్రొటీన్‌ను కంట్లోనే విడుదల చేసే చిన్న ఇంప్లాంట్‌కు అమెరికా 2025 మార్చిలో అనుమతి ఇచ్చింది. అది మాక్‌టెల్ అనే వేరే రెటీనా జబ్బుకు. అది కూడా నష్టాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప పోయిన కణాలను తేదు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ చేస్తామని ఎవరైనా డబ్బులడిగితే దయచేసి వెళ్లకండి. ఫ్లోరిడాలో అలా చేయించుకున్న ముగ్గురు మహిళలకు చూపు దారుణంగా దెబ్బతిందని 2017లో వైద్య పత్రికలో వచ్చింది.

మీ చేతిలో ఉన్న గట్టి మందు ఆ చుక్కలే. వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు వైపు మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టండి. మందు గొంతులోకి జారదు. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ చుక్కలు వాడొద్దు. ఈ జబ్బు కుటుంబాల్లో వస్తుంది కాబట్టి మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు చూపు బాగానే ఉన్నా సరే, ఒకసారి కంటి ఒత్తిడి, నరం పరీక్ష చేయించండి.