క్వాంట్ లెక్కల సాధన గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. విదేశాల్లో పైచదువుల ప్రవేశం కోసం రాసే జీఆర్ఈ పరీక్షకు సిద్ధమవుతున్నావని, సూత్రాలన్నీ కంఠతా వచ్చినా క్వాంటిటేటివ్ (క్వాంట్) అనే లెక్కల విభాగంలో జవాబులు తప్పుతూనే ఉన్నాయని నీ ఉత్తరంలో చదివాను. ఈ పరీక్షకు చాలా ఏళ్లుగా పిల్లలను తయారుచేస్తున్నవాడిగా నాకు తోచినది నిక్కచ్చిగా చెబుతాను. నీకు లోపించింది గణితం కాదు. లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్న మీద నిలపవలసిన దృష్టిని నువ్వు నిలపడం లేదు.

ఈ పరీక్ష అడిగే గణితం పాఠశాల స్థాయిది. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, దత్తాంశాల విశ్లేషణ మాత్రమే ఉంటాయి. త్రికోణమితి, కలన గణితం అసలే ఉండవు. ఇంత చిన్న పరిధిలో చురుకైన విద్యార్థులను సైతం తడబడేలా చేసేవి షరతులే. ధన పూర్ణసంఖ్య అని ఉంటే సున్న రాదు. పూర్ణసంఖ్య అని మాత్రమే ఉంటే సున్నతో పాటు రుణ సంఖ్యలూ వస్తాయి. ఏ షరతూ లేకుండా ఎక్స్ అని ఊరుకుంటే భిన్నాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుచేత చిత్తు కాగితం మీద నీ మొదటి వరుస సమీకరణం కాకూడదు; ఏమి ఇచ్చారు, ఏమి అడిగారు అనే రెండు చిన్న మాటలు కావాలి.

ఒక ఉదాహరణతో చెబుతాను. 25 శాతం ఆమ్లం ఉన్న 40 లీటర్ల ద్రావణాన్ని 20 శాతానికి పలచన చేయాలంటే ఎన్ని లీటర్ల నీరు కలపాలి? ఇటువంటి ప్రశ్న కనబడగానే చాలామంది సూత్రం కోసం వెతుక్కుంటారు. అలా వెతకడం మాని, ఇక్కడ మారనిది ఏమిటని నిన్ను నువ్వు ప్రశ్నించుకో. నీరు ఎంత పోసినా ఆమ్లం 10 లీటర్లే. ఆ 10 లీటర్లు కొత్త ద్రావణంలో 20 శాతం కావాలంటే మొత్తం ద్రావణం 50 లీటర్లు ఉండాలి. సరిగ్గా ఇక్కడే జాగ్రత్తపడాలి. లెక్క చక్కగా కుదిరిన సంతోషంలో 50 అని గుర్తు పెట్టేస్తే జవాబు తప్పుతుంది, ఎందుకంటే అడిగింది కలపవలసిన నీరు. అది 10 లీటర్లు. ప్రశ్న తయారుచేసేవారికి ఈ తొందరపాటు బాగా తెలుసు కాబట్టి జవాబుల వరుసలో 50 కూడా ఉంటుందనే అనుకో. "ఏమి అడిగారు" అన్న చోట ముందుగానే "నీరు" అని రాసుకుని ఉంటే ఆ పొరపాటు జరగదు.

రెండు రాశులను పోల్చే క్వాంటిటేటివ్ కంపారిజన్ ప్రశ్నలకు నువ్వు ప్రత్యేకంగా కొంత కాలం కేటాయించాలి. వీటిలో జవాబులు ఎప్పుడూ నాలుగే: రాశి ఏ పెద్దది, రాశి బీ పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో తేల్చలేము. ఇక్కడ రాశుల విలువలు కనుక్కోనవసరం లేదు, ఏది పెద్దదో తేలితే చాలు. 2 యొక్క 30వ ఘాతం, 10 యొక్క 9వ ఘాతం ఇచ్చారనుకో. 2 యొక్క 10వ ఘాతం 1024 అని నీకు తెలుసు. అది 1000 కంటే ఎక్కువ. రెండింటినీ మూడో ఘాతానికి పెంచితే మొదటిదే పెద్దదని గుణకారం అవసరం లేకుండానే తేలిపోతుంది. చలరాశి ఉన్నప్పుడు మాత్రం ఒక విలువతో సరిపెట్టుకోవద్దు. ఎక్స్ సున్న కంటే పెద్దది అని చెప్పి, ఎక్స్ వర్గాన్ని, ఎక్స్‌ను పోల్చమంటే 2, 3, 4 వేసి చూసినవారు వర్గమే పెద్దదని నమ్మేస్తారు. 1 వేస్తే రెండూ సమానం, సగం వేస్తే వర్గం చిన్నది. కాబట్టి తేల్చలేము అన్నదే జవాబు. షరతు అనుమతించినంత వరకు సున్న, ఒకటి, రుణ సంఖ్య, సున్నకు ఒకటికి మధ్యనున్న భిన్నం, ఒక పెద్ద సంఖ్య వేసి చూడడం అలవాటు చేసుకో. చలరాశి గాని, తెలియని కొలత గాని లేకుండా రెండు రాశులూ స్థిరమైన సంఖ్యలైతే నాలుగో జవాబు రాదు, ఏదో ఒకటి తేలి తీరుతుంది.

రేఖాగణితంలో పటాన్ని చూసి ఏమీ ఊహించవద్దు. పటాలు కొలతకు తగ్గట్టు గీసి ఉండాలన్న నియమం లేదు గనుక లంబకోణంలా కనిపించేదాన్ని లంబకోణం అనుకోరాదు. గ్రాఫులు, నిరూపక తలంలోని పటాలు మాత్రం కొలత ప్రకారమే ఉంటాయి, వాటిని చూసి అంచనా వేయవచ్చు.

తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు. దాన్ని ఆశ్రయించే ముందు ఒక్క క్షణం ఆగి చూడమని నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను. 37, 43ల లబ్ధాన్ని 40 వర్గంతో పోల్చమంటే మీటలు నొక్కి 1591, 1600 అని తెలుసుకోవచ్చు. కాని ఆ రెండు సంఖ్యలూ 40కి ఇటు 3, అటు 3 దూరంలో ఉన్నాయని గమనిస్తే లబ్ధం 40 వర్గం కంటే 9 తక్కువని వెంటనే తెలుస్తుంది. రేపు 40 స్థానంలో ఎక్స్ వచ్చినప్పుడు కాలిక్యులేటర్ నీకు సాయపడదు, ఈ గమనింపే సాయపడుతుంది.

ఇక సమయం. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించిన తర్వాత క్వాంట్ మొదటి భాగంలో 21 నిమిషాలకు 12 ప్రశ్నలు, రెండో భాగంలో 26 నిమిషాలకు 15 ప్రశ్నలు ఉన్నాయి; అంటే ప్రశ్నకు 2 నిమిషాలు కూడా పూర్తిగా లేవు. మొదటి భాగం ఎలా రాశావన్నదాన్ని బట్టి రెండో భాగం కఠినత్వం నిర్ణయమవుతుంది, అందువల్ల తేలికైన ప్రశ్నలను అక్కడ చేజార్చుకోకూడదు. ఒక భాగంలోని ప్రశ్నల మధ్య ముందుకూ వెనక్కూ వెళ్లే వీలుంది. నిమిషం గడిచినా దారి దొరకకపోతే ఆ ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకు సాగు. మొండిపట్టు పట్టి నాలుగు నిమిషాలు పోగొట్టుకుంటే అది నీకు వచ్చిన రెండు ప్రశ్నలను మింగేస్తుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి దేన్నీ ఖాళీగా వదలవద్దు. ఒకటికి మించి సరైన జవాబులు ఎంచుకోమన్న ప్రశ్నల్లో అన్నీ సరిగ్గా ఎంచుకుంటేనే మార్కు వస్తుంది, సగం సరైతే సగం మార్కు ఇవ్వరు.

సాధనలో నేను అన్నిటికంటే గట్టిగా కోరేది తప్పుల పుస్తకం. తప్పిన ప్రతి లెక్కకూ "అజాగ్రత్త" అని రాసి ఊరుకుంటే ఆ పుస్తకం దండగ. "ఎక్స్ పూర్ణసంఖ్య అని ప్రశ్నలో లేదు, నేనే అనుకున్నాను" అనో, "మొత్తం కనుక్కున్నాను, అడిగింది తేడా" అనో స్పష్టంగా రాయాలి. సరైన జవాబు ఊహతో వచ్చి ఉంటే దాన్నీ అందులోనే చేర్చు. వారం తర్వాత అదే లెక్కను పరిష్కారం చూడకుండా మళ్లీ చేయి. చేయలేకపోతే, చదివినప్పుడు అర్థమైనట్టు అనిపించిందే తప్ప నిజంగా నేర్చుకోలేదన్నమాట. కొన్ని పుటలు నిండేసరికి నీ తప్పుల్లో ఎక్కువ భాగం రెండు మూడు రకాలేనని నీకే కనబడుతుంది. ఆ తర్వాత ఏ అధ్యాయం మీద కూర్చోవాలో మరొకరు చెప్పనక్కరలేదు.

పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ పవర్‌ప్రెప్ పేరిట రెండు పూర్తి నమూనా పరీక్షలను ఉచితంగా ఇస్తుంది. వాటిని తొలి రోజుల్లోనే ఖర్చు చేసుకోవద్దు. ఒకదాన్ని సాధన సగానికి వచ్చాక, రెండోదాన్ని పరీక్షకు వారం పది రోజుల ముందు, మధ్యలో లేవకుండా, ఫోను పక్కన పెట్టి పూర్తిగా రాయి. ఆ రెండో పరీక్షలో తప్పిన క్వాంట్ ప్రశ్నలను, ఒక్కో దాని కింద నువ్వు రాసుకున్న కారణంతో సహా, నాకు పంపితే చూసి నా అభిప్రాయం వివరంగా రాస్తాను.

ఇట్లు,
మామయ్య